రెండు కాఫులు, ఒక దరఖాస్తు

దరఖాస్తు అను మాట మన తెలుగున ఎంతగా కలిసిపోయినదనగా, అది పారశీకమున పుట్టి ఉర్దూ మీదుగా మన కచేరీలకు వచ్చినదని చెప్పినచో మా తెలుగు తరగతిలో సగముమంది నమ్మలేదు. అర్జీ, దాఖలా, రసీదు, మంజూరు ఇవన్నియు ఆ బాటన వచ్చినవే. మా కళాశాలలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరముననే కనీసము అరడజను దరఖాస్తులు వ్రాయును. ఉపకార వేతనమునకు ఒకటి, బస్సు పాసునకు ఒకటి, వసతిగృహమునకు ఒకటి, బోనఫైడ్ సర్టిఫికెట్టునకు మరియొకటి. అన్నిటి బాణీ ఒక్కటే. బీద కుటుంబమునకు చెందినవాడనని మొదలై, దయతో మంజూరు చేయ ప్రార్థన అని ముగియును. ఇట్టి దరఖాస్తులలో ఆరితేరిన మేము గడచిన ఫిబ్రవరి మాసమున, ఆ బాణీ ఏమాత్రము పనికిరాని ఒక దరఖాస్తు వ్రాయుటకు కూర్చుంటిమి. ఆ వృత్తాంతమును మా వెనుక తరగతులవారి కొరకు ఇచట వ్రాయుచున్నాము.

మేము అనగా నలుగురము. పత్రికలలో సంపాదకులు ఒక్కరే ఉండియు 'మేము' అని వ్రాయుదురు. మాది ఆ మర్యాద కాదు, లెక్క ప్రకారమే నలుగురము. బి.యస్సీ. కంప్యూటర్ సైన్సు చివరి సంవత్సరము. ఇరువురము పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమమున, ఇరువురము తెలుగు మాధ్యమమున చదివితిమి. నలుగురిలో ఒకామె విద్యార్థిని. నలుగురికిని కలిపి ఒక్క లాప్‌టాప్. అదియు మాలో ఒకని అన్నగారు కొత్త ఉద్యోగమునకు పోవుచు ఇచ్చివెళ్ళినది. లాబు సాయంకాలము ఐదు గంటలకు మూసివేయుదురు గనుక, ఆ పిమ్మట ఆ లాప్‌టాప్ ఎవరి ఇంట ఉండవలెనన్నది మాకు ప్రతిదినము చిన్న పంచాయితీ.

ఓపెన్ సోర్స్ అన్నది ఏమిటో తెలియనివారి కొరకు నాలుగు మాటలు. ప్రోగ్రామునకు ఒక మూలప్రతి ఉండును. దానిని సోర్స్ కోడు అందురు. మనము కొను ప్రోగ్రాములలో చాలవాటికి ఆ మూలప్రతిని మనకు చూపరు. 1983 లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశస్థుడు గ్నూ పథకమును ప్రకటించి, ప్రోగ్రామును చదువుటకు, మార్చుటకు, మార్చినదానిని పదిమందికి పంచుటకు వాడుకొనువారికి స్వేచ్ఛ ఉండవలెనని వాదించెను. 1991 లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన 21 వ ఏట, తాను వ్రాయుచున్న లినక్సును లోకము ముందు పెట్టెను. ఓపెన్ సోర్స్ అను పేరు 1998 లో వాడుకకు వచ్చినది. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు అడుగున ఉన్నది ఆ లినక్సే. మేము చదివిన పాఠ్యపుస్తకమున ఈ చరిత్ర అర పుట ఉన్నది. ఆ మూలప్రతిని సరిచేయ రమ్మన్న పిలుపు మా వంటివారికి కూడ వర్తించునన్న సంగతి మాత్రము ఆ అర పుటలో లేదు.

ఇక అసలు విషయము. మన సంచికకు రెండు ముఖములున్న సంగతి పాఠకులెరుగుదురు. ఉర్దూ భాగమును కుడి నుండి, తెలుగు భాగమును ఎడమ నుండి తెరువవలెను. రెండును నడుమ ఎచటనో కలిసికొనును. పాత సంచికలను కంప్యూటరునకు ఎక్కించు పనిని గ్రంథాలయమువారు రెండేండ్ల క్రిందట మొదలిడిరి. టైపు చేసినవారు ఐదారుగురు. ఎవరికి అలవాటైన కీబోర్డు వారిది. చదువుటకును వెదకుటకును ఒక ఓపెన్ సోర్స్ పఠన ప్రోగ్రామును ఎన్నుకొంటిమి. దాని పేరు ఇచట చెప్పము. ఏలయనగా మేము చెప్పబోవు చిక్కు ఒక్క దానిది మాత్రమే కాదు.

మా సహాధ్యాయిని ఒకనాడు ఉర్దూ భాగమున 'కితాబ్' అను మాటను వెదకెను. ఆ మాట తెరపై, ఆమె కన్నుల ఎదుటనే, మూడు పంక్తుల క్రింద ఉన్నది. ప్రోగ్రాము మాత్రము ఆ పుటలో అట్టి మాట లేదనెను. మరల టైపు చేసినను అదే జవాబు. మిగిలిన ముగ్గురము లాప్‌టాప్ పాతబడినదని తీర్పు చెప్పి టీ త్రాగుటకు పోయితిమి. ఆమె పోలేదు.

కంప్యూటరు అక్షరమును బొమ్మగా ఎరుగదు, సంఖ్యగా ఎరుగును. యూనికోడ్ అను ఏర్పాటులో లోకమునందలి లిపులలోని అక్షరములకు సంఖ్యలు కేటాయించిరి. తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కలవు. మన 'క' సంఖ్య 3093. అరబ్బీ కాఫునకు 1603. కాని ఉర్దూలోను పారశీకములోను వాడు కాఫ్ రూపము కొంత వేరగుటచే దానికి 1705 అని మరియొక సంఖ్య ఇచ్చిరి. మాట చివర ఈ రెంటికి తేడా కన్నులకు తెలియును. అరబ్బీ కాఫ్ కడుపులో చిన్న గుర్తుండును. ఉర్దూ కాఫునకు తలపై ఏటవాలు గీత ఉండును. మాట మొదట గాని నడుమ గాని వచ్చినచో రెండును ఒక్క తీరుననే కన్పించును. 'కితాబ్'లో కాఫ్ మొదటనే ఉన్నది. కావున అరబ్బీ కీబోర్డుపై కొట్టిన కితాబును, ఉర్దూ కీబోర్డుపై కొట్టిన కితాబును మన కంటికి కవలలు, యంత్రమునకు ముఖపరిచయము కూడ లేని పరాయివారు. 'యే' అక్షరము సంగతియు ఇంతే. 1610 ఒకటి, 1740 ఒకటి. 'హే'లో కూడ 1607, 1729 అని రెండున్నవి.

మా పాత సంచికల ఉర్దూ పుటలను కాతిబులు చేతితో వ్రాసిరి. 1981 లో మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థ కలిసి నూరీ నస్తాలీఖును యంత్రమునకు ఎక్కించువరకు, ఉర్దూ పత్రికకు కాతిబు లేనిదే దినము గడువలేదు. ఆ కాతిబు కలమునకు ఒక్క కాఫే తెలియును. రెండు కాఫుల తగవు యంత్రముతో వచ్చినదే.

తెలుగువారు దీనిని చూచి నవ్వుకొనవలసిన పని లేదు. 'కై' అన్నప్పుడు ఐత్వమును 3144 అను ఒక్క సంఖ్యగా దాచవచ్చును. ఎత్వమునకు 3142, దాని క్రింది గుర్తునకు 3158 అని రెండు సంఖ్యలుగాను దాచవచ్చును. అయితే ఈ రెండును సమానమని యూనికోడే ప్రకటించినందున, ఆ నియమమును పాటించు ప్రోగ్రాములు రెంటిని ఒకటిగనే చూచును. కాఫులకు అట్టి ప్రకటన లేదు. మన లిపి వలన వచ్చిన ఇంతకన్న పెద్ద గండము మరియొకటి గలదు. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞ'తో కూడిన ఒక తెలుగు అక్షరపు కూర్పు సందేశమున వచ్చిన మాత్రముననే ఐఫోన్లలోని ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 అను సవరణను విడుదల చేసి సరిచేసినది. కోట్లమందికి తెలుగు వచ్చును. ఆ మూలప్రతి మూసియుండుటచే వారిలో బయటివారెవ్వరును దానిలో చేయి పెట్టుటకు వీలులేకపోయినది.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీసు మున్నగువాటిలో అక్షరములను జోడించి తెరపై నిలుపు ఓపెన్ సోర్స్ యంత్రాంగము పేరు హర్ఫ్‌బజ్. దాని ప్రధాన కర్త బెహదాద్ ఎస్ఫాబోద్ ఇరాను దేశమున పుట్టినవాడు. పారశీకమున హర్ఫ్ అనగా అక్షరము, బాజ్ అనగా తెరచినది. ఓపెన్ టైప్ అను అక్షర విధానపు పేరును ఆయన అట్లు అనువదించెను. మన ఉర్దూ చెవికి అది పతంగ్‌బాజ్ వలె, అక్షరములతో పందెములాడువాడు అన్నట్లు వినిపించును. ఆ అర్థము కూడ చెడ్డది కాదు.

ఈ చిక్కును పఠన ప్రోగ్రాము కర్తలకు తెలుపవలెనని నిశ్చయించుకొన్నప్పుడు ఎదురు నిలిచినది ఇంగ్లీషు. బాగుగా చదువుకొన్న మా పెద్దలొకరు, ముందు స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు పూర్తిచేయుడు, లేనిచో అంతర్జాతీయముగా పరువు పోవునని హితవు చెప్పిరి. మేము ఆయన మాట వినలేదు. దోషమును తెలుపు నివేదికకు కావలసినది నాలుగు విషయములు. ఏమి చేసితిమి, ఏమి జరుగవలెను, ఏమి జరిగినది, ప్రోగ్రాము ఏ విడుదలకు చెందినది. ఈ నాలుగింటికి నాలుగు చిన్న వాక్యములు చాలును. క్రింద రెండు కాఫుల సంఖ్యలను వ్రాసి, రెండు మాటలున్న చిన్న ఫైలును జతచేసితిమి.

రెండు దినములకు జవాబు వచ్చినది. ఐరోపా నుండి వ్రాసిన ఆ పరిశీలకురాలు ధన్యవాదములు చెప్పి, ఒక ప్రశ్న వేసెను. యూనికోడ్ సమాన రూపముల నియమమును ప్రోగ్రాము ఇదివరకే పాటించుచున్నది గదా, ఈ కాఫులు అందుచే ఏల కలియలేదు? పైన ఐత్వము గూర్చి మేము వ్రాసిన సంగతినే ఆమెకు వివరించితిమి. ఆమె మరల వ్రాయుచు, తనకు అరబ్బీ లిపి రాదనియు, ఇది తనకు క్రొత్త సంగతియనియు, మీరే సరిచేసి పంపగలరా అనియు అడిగెను. చదువుకొన్నవారి ఎదుట, మాకు తెలిసి వారికి తెలియని విషయమొకటి ఉండుట మా జీవితములలో అదే మొదలు. ఆ సాయంకాలము చాలసేపు ఎవ్వరమును మాటాడలేదు. (మర్యాద విషయమున ఒక చిక్కు వచ్చినది. అచటివారు పేరుతోనే పిలువుమందురు. పెద్దవారిని వట్టి పేరుతో పిలుచుటకు మా నాలుక ఒప్పలేదు. పేరు వ్రాసి ప్రక్కన 'జీ' అని చేర్చితిమి. ఆమె అభ్యంతరము చెప్పలేదు.)

సరిచేసి పంపు భాగమును ప్యాచ్ అందురు. చినిగిన గుడ్డకు వేయు మాసిక వంటిదే. మాసిక చిన్నదైనను బట్ట అంతయు పరచి చూడవలెను. ఆ మూలప్రతి సి ప్లస్ ప్లస్ భాషలో ఉన్నది. దానిని తెచ్చుకొని మా లాప్‌టాప్‌పై మొదటిసారి కూర్చుటకు ఒక రాత్రి పట్టినది. నడుమ కరెంటు పోయి మరల మొదటికి వచ్చినది. వెదకుడు జరుగు చోటు ఏదో కనుగొనుటకు పది దినములు. చేర్చిన పంక్తులు ముప్పదికి మించవు.

పంపిన పిమ్మట పరిశీలన మొదలైనది. ఇదే ఈ విద్యలో అసలు తరగతి అని మా అభిప్రాయము. మొదటి ప్రశ్న, ఈ పనిని ఇదివరకు ఎవరైన చేసిరా? వెదకగా, లూసీన్ అను ప్రసిద్ధ ఓపెన్ సోర్స్ వెదకు యంత్రాంగమున పారశీకము కొరకు కాఫులను, యేలను కలుపు ఏర్పాటు ఉన్నట్లు తెలిసినది. రెండవ ప్రశ్న మమ్ము నిద్రపోనీయలేదు. ఈ అక్షరములను వాడు ఇతర భాషలవారికి మీ మాసిక వలన హాని కలుగదా? సింధీలో మన ఉర్దూ కాఫ్ ఆకారము 'ఖ' ధ్వనిని తెలుపును, 'క'కు వేరొక అక్షరము కలదు. కావున దాచిన పాఠమును మార్చరాదు, ఎవరు వ్రాసిన అక్షరము వారిదే. వెదకు క్షణమున మాత్రము, అదియు పాఠకుడు కోరినప్పుడు మాత్రమే, రెంటిని ఒకటిగా ఎంచవలెను. ఈ నిర్ణయమునకు వచ్చుటకు పందొమ్మిది ఉత్తరములు నడచినవి. మూడవది ప్రశ్న కాదు, ఆజ్ఞ. పరీక్షలు వ్రాయుడు. అనగా మాకు కాదు, ప్రోగ్రామునకు. రేపు మరెవరో ఈ భాగమును కదిపినచో మా కాఫులు మరల విడిపోకుండ కావలికాయు పరీక్షలు అవి.

అటువైపు జాగ్రత్త ఏల ఇంత ఎక్కువో కూడ తెలిసికొంటిమి. 2014 నుండి ప్రతి అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవము జరుగుచున్నది. అందు నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చెడివారు. 2020 లో ఆ టీషర్టు కొరకు, పరిచయ పత్రమున ఒక పొగడ్త మాట చేర్చి పంపినవారు వేలకొలదిగా బయలుదేరి, నిర్వాహకులకు చెత్త ఊడ్చుటయే పనియైనది. ఆ వరదలో మన దేశపు విద్యార్థుల వాటా తక్కువ కాదని చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ ఏటనే నియమము మార్చి, తాము సమ్మతించిన పథకములకే పంపవలెనని విధించిరి. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రములు వ్రాసిన మార్పుల వరద వచ్చినది. 2024 లో జెంటూ లినక్సువారు అట్టివాటిని పూర్తిగా నిషేధించిరి. మా పట్టణముననే ఒక శిక్షణ కేంద్రము, రుసుము చెల్లించినచో ఓపెన్ సోర్స్ ధ్రువపత్రము ఇప్పింతుమని గోడలపై కాగితములు అంటించినది. ముప్పది పంక్తులకు పందొమ్మిది ఉత్తరములు నడపినవారికి ఆ గోడ ప్రక్కగా నడచిపోవునప్పుడు కలుగు భావము ఎట్టిదో పాఠకులు ఊహింపగలరు.

మా మాసిక మార్చి మొదటి వారమున అంగీకరింపబడినది. అపుడే పేరు సమస్య తలయెత్తినది. మార్పులను భద్రపరచు గిట్ అను సాధనమున (దీనిని కూడ 2005 లో టోర్వాల్డ్సే మొదలిడెను) ప్రతి మార్పునకు కర్త ఒక్కరే. దోషమును కనుగొన్నది ఆమె. సి ప్లస్ ప్లస్ పంక్తులలో అధిక భాగము ఇంకొకనివి. ఉత్తరములు ఒకరివి, పరీక్షలు ఒకరివి. కర్త స్థానమున ఆమె పేరుంచి, క్రింద సహకర్తలు అని మిగిలిన మూడు పేర్లు వ్రాయు పద్ధతి ఉన్నదని తెలిసి ఊపిరి పీల్చుకొంటిమి. అచట నలుగురము పట్టితిమి.

దరఖాస్తులో పట్టలేదు. గూగుల్ సంస్థ 2005 నుండి నడుపుచున్న సమ్మర్ ఆఫ్ కోడ్ అను పథకమున, ఎన్నికైనవారు ఒక ఓపెన్ సోర్స్ పథకమునకు వేసవిలో పనిచేయుదురు. వారికి దేశమును బట్టి వేతనము ముట్టును. మొదట విద్యార్థులకు మాత్రమే ఉండెడిది. 2022 నుండి పదునెనిమిది ఏండ్లు నిండిన ప్రారంభకులందరికి తెరచిరి. మా పఠన ప్రోగ్రామువారు ఆ జాబితాలో ఉన్నారు. వెదకు భాగమును ఉర్దూకు, తెలుగునకు, మరి కొన్ని భాషలకు చక్కపరచు పనిని దరఖాస్తుగా పంపుడని పరిశీలకురాలే ప్రోత్సహించెను. కాని ఆ పథకమున జట్టులకు చోటు లేదు. ఒక్కొక్కరు విడిగా దరఖాస్తు పెట్టవలెను, పని కూడ వారొక్కరే చేయవలెను.

నలుగురము నాలుగు దరఖాస్తులు పెట్టుటకు నియమము అడ్డుపడదు. కాని ఒకే పనికి మాలో మేమే పోటీపడుట ఎట్లు? మాలో ఒకనికి ఆ వేతనము అందరికన్న అవసరము. అతని ఇంటి అప్పు సంగతి మాకందరికి తెలియును. సి ప్లస్ ప్లస్‌లో కూడ అతడే మాకందరికి గురువు. ఆమెయే దరఖాస్తు పెట్టుట న్యాయమని అతడే మొదట పలికి, పలికిన పిమ్మట రెండు దినములు లాబునకు రాలేదు. మూడవ దినమున వచ్చి, పరీక్షలు ముగియులోపల తనకు వచ్చిన సి ప్లస్ ప్లస్ అంతయు ఆమెకు నేర్పెదనని చెప్పి, లాప్‌టాప్ ఆమె వైపు త్రిప్పెను. దీనిని గూర్చి ఇంతకన్న ఎక్కువ వ్రాయుటకు అతడు అంగీకరింపలేదు.

ఆమె ఇంట మరియొక విచారణ జరిగినది. తండ్రిగారిది పుస్తకములకు జిల్దు కట్టు అంగడి. మేము నలుగురము పోయి కూర్చుంటిమి. ఆయన అంతయు విని, 'ఉచితముగా పంచు వస్తువునకు కూలి ఎవరిత్తురు బేటీ?' అని అడిగిరి. ఆ ప్రశ్నను ఇంత సూటిగా మేము ఏ పుస్తకమునను చూడలేదు. ఈ ప్రోగ్రాములపై ఆధారపడి వ్యాపారము చేయు పెద్ద సంస్థలు కొంత ఇచ్చుననియు, మిగిలినది చాలమంది తీరిక వేళల శ్రమయనియు ఆమె దాచక చెప్పెను. ఆయన రెండవ ప్రశ్న, 'నీవు చేసినదానిపై నీ పేరు నిలుచునా?' నలుబది ఏండ్లుగా ఆయన జిల్దు కట్టిన పుస్తకములు ఊరిలోని ప్రతి మదరసాలోను బడిలోను ఉన్నవి, ఒక్కదానిపైనను ఆయన పేరు లేదు. ఆమె లాప్‌టాప్ తెరచి, కర్త పేరును, క్రింద మూడు సహకర్తల పేర్లను చూపెను. ఆయన కళ్లద్దములు సవరించుకొని, మా ముగ్గురి ముఖములను ఆ మూడు పేర్లతో సరిచూచి, టీ తెప్పించిరి.

ఆడపిల్ల అను కారణమున కొందరు బంధువులు గొణిగినారు. వారికి మేము చెప్పిన సంగతి ఇది. 2006 లో గ్నోమ్ అను పేరుపొందిన ఓపెన్ సోర్స్ పథకమునకు ఇదే సమ్మర్ ఆఫ్ కోడ్ కింద 181 దరఖాస్తులు రాగా, అందు స్త్రీలవి ఒక్కటియు లేదు. ఆ సున్నాను చూచి ఉలికిపడి గ్నోమ్ వారు స్త్రీల కొరకు వేసవి పథకమొకటి మొదలిడిరి. తరువాత అది పెరిగి అవుట్‌రీచీగా మారి, స్త్రీలకే గాక, వెనుకకు నెట్టబడిన ఇతరులకును నేడు ద్వారములు తెరచుచున్నది. అందు దరఖాస్తు పెట్టువారు గడువులోపల నిజముగా కొంత పని చేసి చూపవలెను. బంధువులు ఈ లెక్క విని ఏమనుకొనిరో గాని, గొణుగుడు తగ్గినది.

దరఖాస్తు వ్రాయుటకు మూడు వారములు పట్టినది. బీద కుటుంబము అన్న వాక్యమునకు అందు చోటు లేదు, ఎవ్వరును అడుగలేదు. అడిగినవి వేరు. ఏ పని, ఏల అవసరము, ఎట్లు చేయుదువు, ఏ వారమున ఏది పూర్తియగును, కుదరనిచో ఏ భాగమును వదలివేయుదువు. ఈ చివరి ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. వదలివేయుదానిని ముందుగా చెప్పుమని మన చదువులలో ఎన్నడును అడుగలేదు. ఆమె తెలుగు సున్నితముగా అడుగున పెట్టి, ఉర్దూ హేను ముందుంచెను. తెలుగు మాధ్యమపు ఇరువురము అలిగినట్లు నటించితిమి. విశ్వవిద్యాలయ పరీక్షల తేదీలను కూడ పట్టికలో వ్రాయుమని పరిశీలకురాలు చెప్పెను. ఆ తేదీలు మాకే నిశ్చయముగా తెలియవని మేము జవాబు వ్రాయగా, అదియే వ్రాయుమనెను.

చిక్కు వచ్చినది సర్వనామము కడ. మొదటి ప్రతి అంతయు 'మేము' అని ఉన్నది. మేము కనుగొంటిమి, మేము సరిచేసితిమి, మేము చేయుదుము. నియమము ప్రకారము దానిని 'నేను'గా మార్చవలెను. ఆమె మొదటి పుటను మార్చి, చదివి, కొట్టివేసెను. ముగ్గురి శ్రమను తన నోట 'నేను' అనుట అబద్ధము. రాబోవు పనిని 'మేము' అనుట నియమ భంగము. రెండు దినములు ఇట్లు గడచిన పిమ్మట పరిశీలకురాలిని అడుగగా, ఎవరు ఏమి చేసిరో ఉన్నది ఉన్నట్లు వ్రాయుమని ఒక్క పంక్తిలో జవాబిచ్చెను. కావున జరిగిన పనిని చెప్పు భాగమంతయు 'మేము' అనియే ఉన్నది, అందు నలుగురి వంతులు విడివిడిగా వ్రాసెను. వేసవి పట్టిక మొదలైన చోట నుండి 'నేను'. ఆ రెంటి నడుమ ఆమె ఒక ఖాళీ పంక్తి విడిచెను.

గడువునకు ఒక దినము ముందుగా దరఖాస్తు పంపితిమి. ఈ సంచిక ముద్రణకు పోవునాటికి ఫలితము రాలేదు, మే మాసమున వచ్చును. ఎన్ని స్థానములున్నవో, ఎందరు పోటీలో ఉన్నారో మాకు తెలియదు. సి ప్లస్ ప్లస్ గురువు వేసవికి ఒక సెల్ ఫోన్ల మరమ్మతు దుకాణమున పనికి కుదిరినాడు. పాత సంచికలలో 'కితాబ్' అని వెదకినచో ఇప్పుడు అన్నియు దొరకుచున్నవి. గ్రంథాలయమున ఎవరైన వచ్చి చూచుకొనవచ్చును. నిన్న మరియొక ఉత్తరము వచ్చినది. హేల విషయమున, మాట చివర వచ్చినప్పుడును నడుమ వచ్చినప్పుడును వేరువేరుగా ఉదాహరణలు పంపుమని అడిగిరి. శనివారము లోపల ఇరువది మాటలు కావలెను. ఉర్దూ భాగపు సంపాదకవర్గము వారు ఒక పది ఇచ్చిరి. ఈ వ్యాసము ముగించి మిగిలిన పదింటి కొరకు పోవుచున్నాము.